వేళ కాని వేళ ఇంటిగంట

ఆ రోజుల్లో నాకు ఒకచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. (ఇప్పుడు మాత్రం చేతనయిందా అని మా ఆయన అడుగుతారు. చంటిది నిద్రలో కదిలిందేమోనని ఈ ఒక్క వాక్యానికే రెండుసార్లు లేచాను.) డిగ్రీ అయ్యాక ఆదోనిలో ఒక సంస్థవాళ్లు చెవిటి పిల్లలకూ, చదువులో వెనకబడ్డ పిల్లలకూ నేర్పే పద్ధతులు నాకు కొన్ని నెలలు చెప్పి, వారానికోసారి ఎమ్మిగనూరులోని ఒక ప్రైవేటు బడికి పంపేవారు. అలాంటి టీచరును సొంతంగా పెట్టుకునే స్తోమత ఆ బడికి లేదు. బయటి మనిషిని గనక నాకు గదీ లేదు, కుర్చీ లేదు. వరండా చివర నీళ్లకుండ పక్కన ఒక చాప ఉండేది. పిల్లల వినికిడి చూడటానికి గిలక్కాయలు, బుల్లి డోలు, ఇత్తడి గంట ఒక సంచిలో వేసుకుని వెళ్లేదాన్ని. బస్సు కుదిపినప్పుడల్లా సంచి మోగేది. పెళ్లి కాని నన్ను పక్క సీటు అమ్మలు పిల్లలెంతమందని అడిగేవారు.

ఆ బడిలో నా దిగులంతా రెండో తరగతి పాప ఒకతె మీద. మగ్గం నేసేవాళ్ల ఇంటి పిల్ల. పిలిస్తే పలకదు, చెప్పింది రాయదు. అది మొండితనమని హెడ్మాస్టరుగారు (పిల్లలకు చాటుగా "బెత్తం సార్") తేల్చేశారు. వెనక నిలబడి బల్ల మీద బెత్తంతో కొడితే టక్కున తిరిగిందట. బల్ల అదిరితే చెవిటి పిల్లకైనా తెలుస్తుందంటే వినలేదు. వచ్చే వారం ఆ పిల్లకు చెవుడని నేను రుజువు చూపించకపోతే పేరు తీసేస్తానన్నారు. ఆ పిల్ల ఇక ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ ఉండిపోవలసిందే. వాళ్ల అవ్వను అడిగితే, చెవుడన్న అనుమానం ఆమెకూ లేదు. "మగ్గాల మోతలో ఎవురి మాట ఎవురికి ఇనపడతాది తల్లీ? అందరం సేతులతోనే సెప్పుకుంటాం. అందరికంటే ముందు ఈ పిల్లకే అర్థమైతాది" అంది.

ఆ వారం బస్సులో దారిపొడవునా హెడ్మాస్టరుగారికి చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంటూ వచ్చాను. సంచి మోగడం లేదన్న సంగతి బడి గేటు దగ్గర గానీ తెలియలేదు. నా గిలక్కాయల సంచి అదే బస్సులో కర్నూలు ప్రయాణంలో ఉంది. ఏం చేయను? పాపను ఆవరణలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. వరండాలో బడిగంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో మెల్లగా తట్టాను. తిరగలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాను. ఇసుకలో బొమ్మలు గీసుకుంటోంది. అప్పటికి నా ఆత్రం నా చేతిలో లేదు; ఆపకుండా వాయించేశాను. (ఆపకుండా వాయిస్తే ఆ బడిలో దాన్ని ఇంటిగంట అంటారని నాకు అప్పుడు గుర్తులేదు.)

తరగతులన్నీ ఒక్కసారిగా గేటు మీద పడ్డాయి. ఆపడానికి నేను అడ్డం వెళ్తే, పిల్లలు "పోయొస్తాం టీచర్" అని దండాలు పెట్టి మరీ పోయారు. లెక్కల మాస్టరు కూడా గడియారం వైపు చూడకుండా సైకిలెక్కారు. హెడ్మాస్టరుగారు బయటికి వచ్చేసరికి ఖాళీ ఆవరణలో నేనూ, సుత్తీ, గోడవైపు తిరిగి ఆ పాపా. ఆయన నన్ను తిట్టడానికి నోరు తెరిచి, పాపను చూసి ఆగిపోయారు. ఆ పిల్ల వెనక నిలబడి పేరు పెట్టి పిలిచారు. మళ్లీ పిలిచారు. పిల్ల తిరగలేదు. బెత్తాన్ని చంకలో పెట్టేసుకున్నారు.

"పేరు తీసేసేది లేదులేమ్మా" అన్నారు చివరికి. "ఈ పొద్దు బడిలో మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. దీన్నీ పంపిస్తే నేనెవరికి హెడ్మాస్టర్ని?"

పాప అప్పుడు తిరిగి చూసింది. ఖాళీ ఆవరణను, ఆయన్ను, సుత్తి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న నన్ను చూసి, కూర్చోమన్నట్టు తన పక్కన ఇసుక తట్టింది. ఆ సంజ్ఞ నాకు బాగానే అర్థమైంది. అయినా సంచి కోసం బస్టాండుకు పరుగెత్తాను. ఆనాటి నన్ను ఇప్పుడు ఎవరైనా నా ముందు నిలబెడితే, పిల్ల చెప్పింది కదమ్మా, కాసేపు కూర్చో అంటాను. కూర్చుంటానన్న నమ్మకం మాత్రం లేదు.