మూడుసార్లు కడిగిన సీసా

1984లో నేను నంద్యాలలో ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. వరండా చివరి గదిలో నేనూ, ఒక మైక్రోస్కోపూ. కళ్లె పరీక్షకు వచ్చేవాళ్లు సీసా కిటికీలో పెట్టి దూరంగా జరిగేవారు. మనిషితో నాలుగు మాటలాడకుండానే పొద్దుగూకేది. దాంతో ఆడే ఆ రెండు మాటలూ దురుసుగా వచ్చేవి.

ఆళ్లగడ్డలో తమ్ముడింట్లో ఉంటూ కూలికి పోయే వితంతువు రూతమ్మ. కీళ్లనొప్పులకని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు రెండేళ్లుగా మింగుతోంది. నొప్పితో పాటు రోగాన్ని ఎదిరించే శక్తినీ తగ్గించే మాత్రలవి. ఇప్పుడు జ్వరం, దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ. డాక్టరుగారు క్షయ అనుకుని కళ్లె పరీక్ష రాశారు.

స్లైడ్ మీద ఎర్రటి క్షయ క్రిములు లేవు. సన్నటి నీలి పోగులు మాత్రం కొమ్మలు వేసి ఉన్నాయి. పాత పచ్చడి సీసాల్లో కళ్లె తెచ్చే రోజులు. బూజనుకున్నాను.

"సీసా కడిగి తేవాలని తెలీదా నీకు?" అని కసిరాను.

రెండోసారీ అవే పోగులు, అదే కసురు.

"ఉడకబెట్టి ఎండబెట్టినా నాయనా, ఇంగేం చేయాల?" అంది మూడోసారి. "ఇంట్లో నా తట్టా చెంబూ యేరే పెట్టినారు. రోగమేందో చెప్తే సాలు."

"క్షయ లేదు, శాంపిల్ శుభ్రంగా లేదు" అని రాసి పంపేశాను. ఆమె మళ్లీ రాలేదు.

తనిఖీ కోసం పాత స్లైడ్లు దాచేవాళ్లం. నెల తర్వాత అవి సర్దుతూ ఆమెవి మూడూ వరసగా చూశాను. వేర్వేరు రోజులు, ఒకే పోగులు. మురికి అంత పద్ధతిగా రాదు. మూడూ పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన పుస్తకం తిరగేసి నొకార్డియా కావచ్చన్నారు. మట్టిలో ఉండే క్రిమి. మామూలు మనిషిని ఏమీ చేయదు, శక్తి తగ్గిన ఒంట్లో ఊపిరితిత్తులు పట్టుకుంటుంది. దాని మందు సల్ఫా మాత్రలు. అవి మా అల్మరాలోనే ఉన్నాయి.

మరుసటి ఉదయమే స్వయంగా ఉడకబెట్టిన సీసాతో ఆళ్లగడ్డ బస్సెక్కాను. రూతమ్మ ఇంటి వెనక కొట్టంలో ఒక్కతే పడుకుని ఉంది.

"మళ్లా సీసా బాగలేదని చెప్పనీకి వచ్చినావా నాయనా?"

"తప్పు నాదమ్మా. నీ సీసాది కాదు."

నా సీసాలోనూ అవే పోగులు. మాత్రలు మొదలుపెట్టి, అక్కడి పరీక్షకు ఇంకో సీసా చేతికిచ్చి కర్నూలు పెద్దాసుపత్రికి పంపాము. అప్పటికే అది మెదడుకు పాకిందట.

రెండు వారాలకు ఆమె తమ్ముడొచ్చి కిటికీలో ఆ సీసా పెట్టాడు.

"అక్క పొయ్యేముందర చెప్పింది సార్, బాగా కడిగి ఇయ్యమని."

తలుపేసుకుని ఏడ్చాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పనిచేశాను. స్లైడ్‌లో తెలియనిది కనిపిస్తే తెలియదనే రాశాను. మురికి అని ఇంకెప్పుడూ రాయలేదు.