కొడిమ్యాలల గీయించుకున్న గుట్ట

వద్దు వద్దన్న మనిషితోని ఒక్క చాయ్‌కు బొమ్మ గీయించుకున్న ఘనున్ని నేను. కోరుట్లల కిరాణం గల్లా పక్కన పెరిగినోన్ని, బేరమాడని రోజు నాకు అన్నం అరగది.

జగిత్యాలల సిరిసిల్ల బస్సెక్కితే పక్క సీట్ల ఒకాయన, ఒళ్లె పెద్ద డ్రాయింగ్ బుక్కు. ముప్పై ఏండ్ల సంది గుట్టల బొమ్మలే ఏస్తున్నడట. కళాకారులకు గది, తిండి ఇచ్చి బొమ్మలేసుకోనిచ్చే రెసిడెన్సీకి పోయి, నడుమల్నే వాపస్ వస్తున్నడు.

"ఎందుకన్నా?" అన్న.

ఆయన బుక్కు తిప్పుకుంట చూపెట్టిండు. "గిది లేదు తమ్మీ, నేను గీసినంక గ్రానైటోళ్లు కోసుకపోయిండ్రు. గిదీ లేదు. గిది సగం ఉన్నది. రెసిడెన్సీల నా గది కిటికీల నుంచి ఒక గుట్ట కనవడుతది. ఏద్దామంటే చెయ్యి ఆడలే."

నేను నవ్విన. "కోసేది మిషన్లన్నా, నీ పెన్సిల్ కాదు."

"నాకూ ఎరుకే," అన్నడు.

కొడిమ్యాలల బస్సు ఆగితే చాయ్ తాగిపిచ్చిన. ఎదురుంగ మా అమ్మమ్మోళ్ల ఊరి గుట్ట ఉన్నది. "ఉత్తగ తాగుతవా అన్నా? గా ఒక్కటి గీయరాదు" అని సతాయిస్తే, ఆఖరికి గీసిండు. కాయితం చింపి ఇచ్చేటప్పుడు నా మొఖం చూడలే.

గుట్టకు ఇప్పటిదాంక ఏం కాలే. కాని గీ తొవ్వల పోయినప్పుడల్లా కొడిమ్యాల రాంగనే కిటికీల నుంచి తల బయటపెట్టి, అది ఉన్నదా అని చూసుకుంట. నిజంగ లెక్క చెప్తె, గా బొమ్మకు నాకు పడ్డ ఖరీదు పది రూపాయల చాయ్, గా తొవ్వల నా నిద్ర.