అడిగేవాళ్ల స్టూలు

మా ట్యూషన్ టీచరమ్మ పోయారని కబురు అందేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. గార్డెన్ రీచ్ బస్సెక్కాను. అది కదలకపోతే దిగి ఆటో పట్టుకున్నాను, దాన్నీ మధ్యలో వదిలేసి నడిచాను. ఆ వేళ నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఆవిడ పని ఒకటి మిగిల్చి వెళ్లిపోయారు.

మా వీధి చివరింటి పిల్ల ఆవిడ ఆఖరి బ్యాచ్. ఈ ఏడే కాలేజీలో చేరింది. క్లాసులు మానేసి ఇంట్లో కూర్చుంది, ఇక వెళ్లనంటోంది. "నాను లెగిసేక దాన్ని తీసికెల్తానే" అని టీచరమ్మ ఆసుపత్రి మంచం మీద నాతో అన్నారు. లేవలేదు. తర్వాత నేనే ఆ ఇంటికి వెళ్లి ఎందుకు మానేశావని అడిగాను. ఆ పిల్ల నేల చూపులు చూసిందే గానీ నోరు విప్పలేదు.

ఓడరేవు డాక్‌లో పనికని శ్రీకాకుళం నుంచి గార్డెన్ రీచ్ వచ్చిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ. ఇన్ని భాషలున్నా పెద్దవాళ్ల ఎదుట ఒక్కదాంట్లోనూ మాట పెగిలేది కాదు. టీచరమ్మ తన ముందుగదిలో మాకు లెక్కలు చెప్పేవారు. ఆవిడ కుర్చీ పక్కన ఒక పొట్టి స్టూలు ఉండేది. లెక్క తెలియనివాళ్లు లేచి అందరి ముందూ వెళ్లి దాని మీద కూర్చోవాలి. తెలియలేదని నోటితో చెప్పాలి. "ఎందాక తెలిసిందో ముందు సెప్పు" అని అక్కడి నుంచి మొదలుపెట్టేవారు. అడగకుండా ఎంత నిట్టూర్చినా, పెన్సిల్ ఎంత కొరికినా, ఆవిడ తన మానాన చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ ఉండేవారు. నాకు ఒళ్లు మండేది.

నేను ఒక్కనాడూ ఆ స్టూలు ఎక్కలేదు. అదే నా గొప్ప. ఆవిడ మాత్రం మా అమ్మతో, "నీ పిల్లకి లెక్కలొచ్చు గానీ అడగడం రాదు. కాలేజీలో దాని మొకం సూసి ఎవులూ సెప్పరమ్మా" అన్నారు. అమ్మకి కోపమొచ్చి కొన్నాళ్లు ఆవిడతో మాటలు మానేసింది.

అన్నట్టే అయింది. కాలేజీలో ఫిజిక్స్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పక్కవాళ్లు రాసుకుంటున్నారని నేనూ రాసుకునేదాన్ని. కొన్నాళ్లకి క్లాసు ఎగ్గొట్టి లాంచీలో నది దాటి హౌరా వెళ్లడం, అదే లాంచీలో తిరిగి రావడం అలవాటైంది. ఇంట్లో తెలిసిపోయాక, చదువు మానేస్తానన్నాను. మర్నాడు పొద్దున్నే టీచరమ్మ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "ఏటే, పద" అని కాలేజీ గేటు దాకా తీసుకెళ్లి అక్కడ ఆగిపోయారు.

"మీరూ రండి టీచరమ్మా."

"నానొస్తే నానడిగినట్టవుద్ది. నువ్వెల్లు."

ఫిజిక్స్ సార్ తీరిక లేదని, తర్వాత రమ్మన్నారు. ఏడుపు మొహంతో బయటికొచ్చాను. ఆవిడ ఫుట్‌పాత్ మీద నించుని ఝాల్‌ముడి, కారం కలిపిన మరమరాల పొట్లం, తింటున్నారు.

"రావద్దన్నారేటి?"

"తర్వాత రమ్మన్నారు."

"రమ్మన్నారు కదా, మరింకేటి? ఇది తినీసి మల్లీ ఎల్లు."

మళ్లీ వెళ్లాను. ఈసారి సార్ కూర్చోబెట్టి చెప్పారు. చెప్పినదాంట్లో సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కాలేదని ఆయనతో అనగలిగాను. చదువు మానలేదు.

పదకొండో రోజున ఆవిడ పాత శిష్యులంతా ఆవిడింటికి వచ్చారు. ఎవరికెన్ని మార్కులొచ్చాయో, ఎవరు ఏ కంపెనీలో ఉన్నారో ఒకటే కబుర్లు. నాకు చిరాకేసింది. మార్కులు ఇంకెవరి దగ్గర చదివినా వచ్చేవేమో. తెలియదని చెప్పడం, తర్వాత రమ్మంటే సిగ్గుపడకుండా మళ్లీ వెళ్లడం ఆవిడే నేర్పారు. ఎవరైనా ఆ మాట అంటారేమోనని గదిలోకీ వరండాలోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కుర్చీలు చాలక కొందరు నేల మీద కూర్చున్నారు. ఆవిడ కుర్చీనీ ఆ స్టూలునీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

చివరింటి పిల్ల వాళ్లమ్మతో వచ్చి తలుపు దగ్గర నించుంది. చాలాసేపు అలాగే ఉంది. ఉన్నట్టుండి అందరినీ తప్పించుకుంటూ వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది.

"టీచరమ్మా, నాకు క్లాసులో ఏటీ తెలీట్లేదు" అంది, ఖాళీ కుర్చీ వైపు చూస్తూ.

ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం నాకు లేదు. వెళ్లి స్టూలు పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"ఎందాక తెలిసిందో ముందు సెప్పు" అన్నాను.

ఆ పిల్ల కుర్చీ వైపే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.