కంపెనీ అంటే ఏటో ఈ రోజు తెలిసింది

ఈ రోజు విజయనగరంలో మా నాన్నకి తుంటి ఆపరేషన్ జరిగింది. ఆయన మాజీ సైనికుడు. ఆయనది అంత సులువుగా దొరికే రక్తం కాదు. నిన్నంతా తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను, దొరకలేదు. ఆఖరికి నాన్న ఫోన్‌లో ఉన్న పాత సైనికుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను.

పొద్దున్నే కొత్తవలస నుంచి ఒకాయన వచ్చేశాడు. నేనెప్పుడూ చూడలేదు. "మీ నాన్నా నేనూ ఒకే కంపెనీ అమ్మా. నాదీ అదే రక్తం" అన్నాడు.

ఆయన రక్తం ఇస్తుంటే పక్కనే కూర్చున్నాను. నా భయం తెలియకూడదని ఏదో ఒకటి అడిగాను. "సైన్యంలో దళాన్ని కూడా కంపెనీ అనే అంటారేటి బాబాయ్? ఫ్యాక్టరీ లాగ?"

ఆయన నవ్వేడు. "మేం సేరిన కొత్తల్లో మా ఆఫీసరు సెప్పేడమ్మా. పాత లాటిన్ మాటంట. కలిసి రొట్టి తిన్నోళ్ళని అర్థమంట. నిజమే మరి. పైన మంచు కొండల్లో నాకు జ్వరమొస్తే, మీ నాన్న తన రొట్టి కూడా నాకే పెట్టీవోడు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం నాన్నకి పూర్తిగా తెలివొచ్చాక, రక్తం ఎవరిచ్చారో చెప్పాను. కళ్ళు తుడుచుకుని ఒకటే అడిగాడు.

"ఆడు తిన్నాడా?"

తిన్నాడు నాన్నా. అమ్మ కేరేజీ విప్పి కూర్చోబెట్టి మరీ పెట్టింది.

తుంటి నొప్పి సంగతి మాత్రం మా నాన్న ఇంకా ఎత్తలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి కంపెనీ వాళ్ళుంటే కింద చెప్పండి, చదువుకుంటూ ఇక్కడే కూర్చుంటాను.