గుమ్మడికాయ కొట్టాకే రమ్మన్నారు

గురువుగారు ఇక లేరన్న మాట నాకు పరాయి దేశపు విమానాశ్రయంలో, హైదరాబాదు విమానం ఎక్కవలసిన వరుసలో నిలబడి ఉండగా తెలిసింది. ఫోను చేసింది ఆయన భార్య. ఆమెను మేమంతా అమ్మగారని పిలుస్తాం. "పొద్దున కాఫీ అడిగారు నాయనా. కలిపి తెచ్చేలోపే వెళ్ళిపోయారు. నువ్వు కంగారు పడకుండా రా" అన్నారు. ఏ మాట వినవలసి వస్తుందోనని నెలల తరబడి భయపడ్డానో, ఆ మాట అంత నెమ్మదిగా వస్తుందని నేను ఊహించలేదు. వెనకనున్న ప్రయాణికుడు ముందుకు జరగమన్నట్టు చూశాడు. జరిగాను.

మీలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు. ఆయన కట్టిన ఇళ్ళనూ వీధులనూ చెరువులనూ మాత్రం తెర మీద చూసే ఉంటారు. ఆయన ఫిల్మ్ నగర్‌లో కళా దర్శకులు. నేను ఆయన సహాయకుణ్ణి. బడి మానేసి సెట్టింగు పనిలో చేరిన నన్ను రాత్రి బడికి పంపి, పట్టభద్రుణ్ణి చేసినవారు ఆయనే. పగలు మేకులు కొట్టిన చేతులతో రాసి సంపాదించుకున్న పట్టా అది. దాని గురించి చెప్పుకోవడానికి నేను ఎన్నడూ మొహమాటపడలేదు. ఆయన మాత్రం ఆటపట్టించేవారు. జూబ్లీ హిల్స్‌లో నిర్మాతల ఇళ్ళకు వెళ్ళినప్పుడు "వీడు మా బీయే అండీ" అని పరిచయం చేసేవారు. సెట్టు మీదైతే, "బీయే గారూ, తమరు దయచేసి ఆ సుత్తి ఇటు అందిస్తారా" అని అందరికీ వినబడేలా అడిగేవారు. అందరూ నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు. సుత్తి అందించేవాణ్ణి.

ఆయనకొక అలవాటు ఉండేది. మొదటి షాటుకు ముందు అందరూ సెట్టు ముందు నిలబడి చూస్తుంటే, ఆయన ఒక్కరే వెనక్కి వెళ్ళేవారు. రంగు లేని ప్లైవుడ్డు, ఏటవాలుగా ఆనించిన కర్రలు తప్ప అక్కడ చూడడానికి ఏమీ ఉండదు. ఒక్కొక్క కర్రనూ అరచేత్తో తట్టి, కదిలితే తానే కూర్చుని మేకు దిగగొట్టేవారు. "ముందుభాగం కెమెరాది. వెనకభాగం మనది" అనేవారు.

కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి కాబట్టి చెరువు సెట్టు అంటే ఆయనకు పట్టుదల ఎక్కువ. టార్పాలిన్ పరిచి, ట్యాంకరు నీళ్ళు నింపి, రెల్లుగడ్డి గుచ్చి మేము కట్టిన చెరువులు ఎన్నో. షూటింగు అయిపోగానే అన్నీ విప్పేసేవాళ్ళం. మూత్రపిండాలు దెబ్బతిని ఆయన ఇంటికి పరిమితమైన తరువాత ఆ చెరువుల ఊసే ఎక్కువగా తీసేవారు. సముద్రం అవతలి ఒక దేశంలో చిత్తడి నేలను బాగుచేసే పనికి స్వచ్ఛంద సేవకులు కావాలన్న ప్రకటనను నాకు చూపించినదీ ఆయనే. నాకు అవకాశం వచ్చింది. వచ్చిన తరువాత భయం పట్టుకుంది. వారం వారం బంజారా హిల్స్ ఆసుపత్రికి ఆయనను డయాలసిస్‌కు తీసుకుపోయేది నేనే.

"నేను పోను గురువుగారూ. మీరు గిట్లుంటే నేనేడికి పోత?"

"నేనిట్లా ఉంటే నువ్విక్కడుండి ఏం చేస్తావురా? నా పక్కన కూర్చుని ఫ్యాను తిరగడం చూస్తావా? ఇన్నాళ్ళూ విప్పేసే చెరువులు కట్టాం. విప్పక్కర్లేనిది ఒకటి చేసి రా. గుమ్మడికాయ కొట్టాకే రా."

మా పరిశ్రమలో చిత్రీకరణ ముగిసిన రోజున కర్పూరం వెలిగించి గుమ్మడికాయ కొడతారు. అది పగిలితేనే పని పూర్తయినట్టు. అంతకుముందు సెట్టు విడిచి వెళ్ళినవాణ్ణి ఆయన మళ్ళీ పనిలోకి పిలిచేవారు కారు.

అక్కడ మా పని ఉప్పునీటి పాయ ఒడ్డున మడ మొక్కలు నాటడం. నేను నా వంతు గట్టును శ్రద్ధగా నాటాను. ఎత్తు మొక్కలు వెనక, పొట్టివి ముందు, మధ్యలో కాస్త ఖాళీ. పని నడిపించే మేడమ్ వచ్చి చాలాసేపు చూశారు. మొక్కలన్నీ కాలిబాట వైపే ఉన్నాయి, నీటి వైపు గట్టంతా బోడిగా ఉందేమిటని అడిగారు. చూసేవాళ్ళు ఇటునుంచే కదా చూస్తారని జవాబిచ్చాను. ఎవరు చూస్తారని ఆమె అడిగారు. అప్పుడు గాని నేను చేసింది నాకు అర్థం కాలేదు. అలలు కోసేది నీటి వైపు గట్టునే. పక్షులు వాలేదీ అటే.

ఆ సంగతి ఫోనులో చెప్పినప్పుడు గురువుగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఒరేయ్ బీయే, అక్కడ కెమెరా ఎక్కడ పెట్టావురా?" ఆ తరువాత, "వెనక్కి వెళ్ళి చూడమని నీకెన్నిసార్లు చెప్పాను" అన్నారు.

ఫోను పలికేది గట్టు చివరనే. ఉదయం పనికి ముందు, సాయంత్రం పని తరువాత అక్కడికి నడిచేవాణ్ణి. తెర మీద అమ్మగారి నంబరు కనిపిస్తే భయం. కనిపించకపోతే ఇంకా భయం. అక్కడ నా పని గడువు ముగియడానికి కొద్ది రోజుల ముందు ఆమె నుంచి ఫోను రానే వచ్చింది. "ఇవాళ డయాలసిస్ మధ్యలో ఆపేశారు నాయనా. చూడాల్సినవాళ్ళని వచ్చి చూసి వెళ్ళమనండి అన్నారు డాక్టరు గారు."

"నేను ఇయ్యాలనే బయలెల్లుతున్నమ్మా" అన్నాను. ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది.

"గుమ్మడికాయ కొట్టావా?" గురువుగారి గొంతు పీలగా ఉంది.

"ఇంకా లేదు గురువుగారూ. నీళ్ళ దిక్కు గట్టు మిగిలింది. జర నా మాట ఇనుండ్రి..."

"వినను. వెనకభాగం వదిలేసి వచ్చేవాడు నా గుమ్మం ఎక్కొద్దు." ఆ వెంటనే మెత్తబడి, "నేనుంటాలేరా" అన్నారు.

నేను అక్కడే ఉన్నాను. ఉండవలసిందా, ఆ రోజే విమానం ఎక్కవలసిందా అన్నది ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా నేను తేల్చుకోలేకపోతున్నాను. మోకాలి లోతు బురదలో ఒక్కో మొక్క పాతుతూ, ఉంటానని ఆయన ఇచ్చిన మాట ఆయన చేతిలో లేనిదని అనుకునేవాణ్ణి. చేతులు మాత్రం తొందరపడకుండా చూసుకున్నాను. తొందరగా నాటినది ఆటుపోట్లకు లేచిపోతుంది.

నీటి వైపు గట్టు పూర్తయిన రోజున సంతలో బూడిద గుమ్మడికాయ దొరికింది. కుంకుమ నీటిలో కలవకూడదని మేడమ్ అన్నారు. కుంకుమ మానేసి, కర్పూరం ఒక్కటే వెలిగించి, దూరంగా రోడ్డు మీద కొట్టాను. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకు పగిలింది. రికార్డు చేసిన ఆ చప్పుళ్ళను అమ్మగారి ఫోనుకు పంపి, ముక్కలు ఏరి, మర్నాడు విమానాశ్రయానికి బయలుదేరాను.

అక్కడ అమ్మగారి ఫోను అందుకున్న రోజే సాయంత్రానికి ఫిల్మ్ నగర్ చేరాను. సందు చివరిదాకా కార్లు ఆగి ఉన్నాయి. ఇంటి ముందు షామియానా, దాని కింద పూలదండల మధ్య ఆయన. అమ్మగారు నన్ను చూసి పక్కన చోటు చూపించారు.

"నువ్వు పంపింది రాత్రి వినిపించాను. ఇంకోసారి పెట్టమన్నారు."

"ఏమన్నరమ్మా?"

"'మొదటి దెబ్బకి పగల్లేదు చూడు, బీయే చదివినా చెయ్యి తిరగలేదు వెధవకి' అన్నారు." ఆమె నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అన్నాక హాయిగా పడుకున్నారు."

పెద్దవాళ్ళు వస్తున్నారు, దండలు వేస్తున్నారు, ఫొటోలు తీసేవాళ్ళు ముందుకు తోసుకుంటున్నారు. నేను లేచి షామియానా వెనక్కి వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు. వరుసగా గుంజలు, వాటికి కట్టిన తాళ్ళు, నేలలోకి దిగిన ఇనప మేకులు. ఒక్కొక్క గుంజనూ అరచేత్తో తట్టుకుంటూ నడిచాను. మూలనున్నది కదిలింది. పక్కన పడి ఉన్న రాయి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, లోపల ఏడుస్తున్నవాళ్ళకు చప్పుడు వినిపించకుండా మేకును మెల్లగా దిగగొట్టాను.