సోమవారం బాడుగ

ఈ ఉదయం రైలు దిగి, మార్కాపురం ఊళ్లోకి ఆరణాలకు ఎద్దులబండి మాట్లాడుకున్నాను. తీరా కచేరీ ముందు దిగాక బండాయన ఎనిమిదణాలు ఇమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"మాట్లాడుకున్నది ఆరే గదా. ఈ రెండణాలు ఏంది?"

"సోమవారం ఎద్దులకు సెలవు సామీ, కాడి కట్టగూడదు. కచేరీకి ఆలస్యమైతాందని మీరు బతిమాలితే కట్టినా. అది వాటి డబ్బు."

"అవి అడిగినాయా?"

"అవి అడగలేవు గదా సామీ. అందుకే నేను అడుగుతుండా."

ఇచ్చాను గానీ నమ్మలేదు. అతను ఎదురు దుకాణంలో ఆ రెండణాలకూ తెలగపిండి కొని, అక్కడే ఎద్దులకు పెట్టి, తాను మంచినీళ్లు తాగి బండెక్కాడు.

తాలూకా కచేరీ గుమాస్తాను, నన్ను ఆదివారాలు కూడా పిలుస్తారు. ఇంతవరకూ నా తరఫున ఎవరూ అర్ధణా అడిగిన పాపాన పోలేదు. మీ తరఫున ఎవరైనా అడిగారా?