గడ్డలు కట్టిన అశ్వగంధ

నిక్షేపంలాంటి ఎకరం నేలను మూడేళ్ళలో ఎలా పాడుచేయాలో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. ఆ విద్యలో నాకు సాటి లేరు. ముందే చెబుతున్నాను, నన్ను చూసి నవ్వుకోండి, జాలి మాత్రం పడకండి.

అప్పట్లో బెంగళూరు హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. ఊరి శివార్లలో, జిగణి దాటాక మా మామగారికి ఎకరం పొలం ఉండేది. చుట్టుపక్కల వాళ్ళంతా లేఅవుట్లకు అమ్మేసుకున్నా ఆయన అమ్మలేదు. ఆ నేలంటే ఆయనకు ప్రాణం. నాలుగు వీడియోలు చూసి, అందులో అశ్వగంధ వేద్దామని నూరిపోసింది నేనే. మొదటి ఏడు బ్రహ్మాండంగా పండింది. వేళ్ళు నిటారుగా, నున్నగా దిగాయి. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు.

మరుసటి ఏడు మామగారు మెల్లగా మాట కదిపారు.

“ఈ తూరి రాగులు చల్లుదామప్పా. దాని ఎనకాల బంతి పెడదాం. ఒకే పైరు పెడతా ఉంటే నేలకు బేజారైతాది.”

“నేలకు బేజారేంటి మామా? పనిచేస్తున్న కోడ్‌ను మేం ముట్టుకోం.”

“అదేమో నాకు తెలీదప్పా. ఇది మట్టి కదా.”

“బంతిపూలతో ఏం చేస్తాం? పెళ్ళి మండపం కడతామా?”

ఆయన మళ్ళీ అశ్వగంధ విత్తనాల సంచే విప్పారు. అల్లుడి మాట కాదనడం ఆ ఇంట్లో మర్యాద కాదు. ఆ మర్యాదను నేను ఒప్పుకోలు అనుకున్నాను.

ఆ ఏడు దిగుబడి తగ్గింది. తప్పు వాన మీదికి నెట్టేశాను. మూడో ఏడూ అశ్వగంధే వేస్తే మొక్కలు పసుపెక్కి గిడసబారాయి. ఈసారి ఎండ మీదికి నెట్టేశాను. తవ్వి చూస్తే వేళ్ళ నిండా గడ్డలు. నేనేం చేశానంటారు? సంబరపడ్డాను. వేళ్ళు లావెక్కాయి, బరువు పెరిగిందనుకున్నాను. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టాను. మందుల కంపెనీకి వేళ్ళు కొనే ఆయన్ను కబురుపెట్టి మరీ రప్పించాను.

ఆయన ఒక వేరు విరిచి చూసి కింద పడేశాడు.

“వేళ్ళకు గడ్డలు కట్టించే నులిపురుగు సార్ ఇది. మట్టిలోనే ఉంటాది. ఏటా ఇదే పైరు పెట్టి మీరే దాన్ని మేపినారు.”

“అయితే మందుకు పనికిరాదా?”

“ముందు మీ నేలకు మందు కావాల సార్. నడమ బంతి పెట్టుంటే ఆ పురుగు అణిగేది, ఇంత దూరం వచ్చేది కాదు.”

మామగారు పక్కనే ఉన్నారు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. వంగి ఆ వేళ్ళను ఒక్కొక్కటే ఏరి, కాల్చడానికి కుప్ప పోస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయి నేనూ వంగాను.

“నువ్వు పో అప్పా. నీకు ఆఫీసు ఉండాది. నాకు ఉండేది ఇదొకటే.”

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై బాల్కనీ కుండీలో కూడా కొత్తిమీర తర్వాత కొత్తిమీర వేయను. ఇదే ప్రతిజ్ఞను మామగారికి ఫోన్‌లో చదివి వినిపించాను.

“సరేప్పా” అన్నారు. పొలానికి రమ్మని మాత్రం అనలేదు.